పావుమైలు పరుగులో నిలకడ

పరుగుపందెంలో అందరికన్నా వేగంగా పరుగెత్తినవాడే గెలుస్తాడు. కాని అనుకున్నదానికన్నా వేగంగా వెళ్ళినందుకు ఓడిపోయే పందెం ఒకటుందంటే నమ్ముతారా? అమెరికాలో కార్లతో ఆడే ‘బ్రాకెట్ రేసు’ అటువంటిదే. ఇది డ్రాగ్ రేసుల్లో ఒక రకం.

డ్రాగ్ రేసులో రెండు కార్లు పక్కపక్కన నిలబడి, సంకేతం రాగానే తిన్నని బాటపై దూసుకుపోతాయి. దూరం సాధారణంగా పావుమైలు, అనగా సుమారు 402 మీటర్లు. సంకేతమిచ్చే రంగుదీపాల స్తంభాన్ని ‘క్రిస్మస్ చెట్టు’ అంటారు. ఇది 1963లో వాడుకలోకి వచ్చింది.

బ్రాకెట్ రేసులో ప్రతి డ్రైవరూ తన కారుకు ఎన్ని సెకన్లు పడుతుందో ముందే కారు అద్దంపై రాయాలి. ఒకరు 12.50 అనీ, మరొకరు 11.50 అనీ రాశారనుకోండి. మొదటి కారుకు ఒక సెకను ముందుగా పచ్చదీపం వెలుగుతుంది. ఇద్దరూ సరిగ్గా చెప్పినట్లే నడిపితే గమ్యాన్ని దాదాపు ఒకేసారి చేరాలి. చెప్పినదానికన్నా తక్కువ కాలంలో చేరిన కారు, ఎదుటివాడు తప్పు చేయనంతవరకు, ఓడినట్లే!

ఇక్కడ కావలసినది నిలకడ. దాన్ని ఎలా కొలవాలి? రెండు కార్ల అయిదేసి పరుగులు ఇలా ఉన్నాయనుకుందాం.

మొదటి కారు: 11.70, 12.10, 11.85, 12.25, 11.60 సెకన్లు.
రెండవ కారు: 12.51, 12.50, 12.53, 12.49, 12.52 సెకన్లు.

మొదటి కారు సగటు 11.90, రెండవదాని సగటు 12.51. మొదటిదే వేగమైనది. అయితే గరిష్ఠ, కనిష్ఠ విలువల తేడాను, అనగా వ్యాప్తిని చూడండి. మొదటిదానికి 0.65, రెండవదానికి 0.04 మాత్రమే. మొదటి కారు డ్రైవరు అద్దంపై ఏ అంకె రాయగలడు? గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో నూరోవంతు కాలంలోనే అర మీటరు దాటుతుంది. గెలుపోటములు తరచు అంత దూరంలోనే తేలిపోతాయి.

ఒకే కారు, ఒకే బాట. మరి కాలం ఎందుకు మారుతుంది?

మొదటి కారణం గాలి. ఇంధనం మండడానికి ఆక్సిజన్ కావాలి. సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల సెల్సియస్‌లో ఒక ఘనమీటరు పొడిగాలి బరువు సుమారు 1.225 కిలోగ్రాములు. 35 డిగ్రీల్లో అది సుమారు 1.146కు తగ్గుతుంది. అందుకే చల్లని ఉదయం కన్నా మండుటెండలో ఇంజను శక్తి తగ్గుతుంది. గాలిలో తేమ పెరిగితే నీటి ఆవిరి కొంత చోటు ఆక్రమించి ఆక్సిజన్ పాలు తగ్గిస్తుంది. ఎత్తైన ప్రదేశాల్లో గాలి పీడనమే తక్కువ. డెన్వర్ నగరం దగ్గర 1,700 మీటర్లకు పైగా ఎత్తున, 2023 వరకు పందేలు జరిగిన బాటపై మామూలు ఇంజన్ల కార్లు నెమ్మదిగానే పరుగెత్తేవి.

రెండవది టైర్ల పట్టు. టైరులో గాలి పీడనం మారితే నేలను తాకే భాగం మారుతుంది. పరుగుకు ముందు టైర్లను ఒకేచోట గిర్రున తిప్పి వేడిచేస్తారు. ఒకసారి ఎక్కువసేపు, మరొకసారి తక్కువసేపు తిప్పితే పట్టు మారిపోతుంది.

మూడవది ఇంజను, గేర్‌బాక్సు నూనెల వేడి. నాలుగవది బరువు: పది లీటర్ల పెట్రోలు ఖర్చయితే దాదాపు ఏడున్నర కిలోలు తగ్గుతుంది. అయిదవది డ్రైవరు అలవాటు: ఇంజను ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు కారు వదిలాడు, గేరు ఎప్పుడు మార్చాడు అన్నవి.

గాలిని మనం మార్చలేం, కొలవగలం. తక్కినవాటిని ప్రతిసారీ ఒకేలా ఉంచగలం. కనుక మంచి డ్రైవరు దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఉష్ణోగ్రత, తేమ, పీడనం, టైరు గాలి, ఇంజను వేడి, పట్టిన కాలం ప్రతి పరుగుకూ అందులో రాస్తాడు. ఏదైనా మార్చదలిస్తే ఒక్కదాన్నే మారుస్తాడు. రెండింటిని ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు కదా! ప్రయోగశాలలో మీరు పాటించే నియమం కూడా ఇదే.

మీరే చేసి చూడండి: ఒక చెక్కపలక చివర రెండు పుస్తకాలు పెట్టి వాలుగా నిలపండి. ఆటకారును ఒకే గీత నుంచి, తోయకుండా, పదిసార్లు వదలండి. నేలపై అది ఎంత దూరం పోయిందో స్కేలుతో కొలిచి సగటు, వ్యాప్తి కట్టండి. తరువాత చక్రాల దుమ్ము మాత్రం తుడిచి మళ్ళీ పదిసార్లు వదలండి.

ప్రశ్నలు
1. దుమ్ము తుడిచాక సగటు మారిందా, వ్యాప్తి మారిందా, రెండూనా?
2. ఉదయం 12.50 సెకన్లు పట్టిన కారుకు మధ్యాహ్నం అద్దంపై పెద్ద అంకె రాయాలా, చిన్న అంకె రాయాలా? ఎందుకు?