కొంగ – అక్షింతల పురుగు

మాక్లూర్ దగ్గర ఒక చేను. అత్తా కోడళ్లు బొబ్బెర చేలో కలుపు తీస్తున్నారు. పక్క పొలంలో ట్రాక్టరు దున్నుతోంది. దాని వెనుక తెల్లకొంగలు తిరుగుతున్నాయి.

"అత్తమ్మా, ఆకు మీద ఈ నల్ల పురుగు ఏంది? చంపాల్నా?" అని కోడలు అడిగింది.

"ఆగు బిడ్డా! అది అక్షింతల పురుగు పిల్ల. ఆ కొంగ లెక్కనే ఇది గూడ మనకు సాయం చేస్తది" అన్నది అత్త.

కొంగ పక్షి. అక్షింతల పురుగు కీటకం. రెండూ ఒకే పని ఎలా చేస్తాయి? చూద్దాం.

కొంగకు రెండు కాళ్లు, రెండు రెక్కలు. ఒంట్లో ఎముకలు ఉంటాయి. పురుగుకు ఆరు కాళ్లు, నాలుగు రెక్కలు. ఎముకలు ఉండవు. పైన కనిపించే ఎర్రని డిప్పలు కూడా రెక్కలే. వాటి కింద పలుచని రెక్కలు మడిచి ఉంటాయి.

రెండూ గుడ్లు పెడతాయి. కొంగ చెట్టు మీద గూడు కడుతుంది. తల్లీ తండ్రీ వంతుల వారీగా గుడ్లను పొదుగుతాయి. పిల్లలకు మేత తెస్తాయి. అక్షింతల పురుగు పేనుబంక ఉన్న చోట పసుపు రంగు గుడ్లు పెట్టి పోతుంది. పిల్లలు పుట్టగానే మేత అక్కడే దొరుకుతుంది.

కొంగ పిల్లను చూస్తే పక్షి అని తెలుస్తుంది. ఈ పురుగు పిల్ల మాత్రం తల్లిలా ఉండదు. నల్లగా, పొడుగ్గా ఉంటుంది. ఒంటి మీద పసుపు మచ్చలు ఉంటాయి. చీడపురుగు అనుకొని మనమే నలిపేస్తాం.

కొంగ దుక్కిలో బయటపడే పురుగులను, మిడతలను తింటుంది. చిన్న పేనుబంకను ఏరి తినలేదు. ఆ పని అక్షింతల పురుగు, దాని పిల్లలు చేస్తాయి. పేనుబంక ఆకుల రసం పీల్చి పైరును పాడు చేస్తుంది.

పురుగు మందుకు మంచీ చెడూ తెలియదు. చాలా మందులు పేనుబంకతో పాటు అక్షింతల పురుగునూ చంపుతాయి. మిగిలిన పేనుబంక తొందరగా పెరుగుతుంది. మళ్లీ మందు కొనాలి. మళ్లీ పైసలు పోతాయి. విషం తగిలిన పురుగులను తింటే కొంగకూ ముప్పే.

ఒక సంగతి మరువకండి. వంకాయ ఆకులను గీకి తినే అక్షింతల పురుగు కూడా ఉంది. అది మనకు చేటు చేస్తుంది. కాబట్టి పురుగు ఏం తింటున్నదో చూడండి. ఆకునా? పేనుబంకనా? ఆ తర్వాతే మందు సంగతి ఆలోచించండి.

చెప్పండి:
1. కొంగకు, అక్షింతల పురుగుకు తేడాలేమిటి?
2. మీ చేలో అక్షింతల పురుగు పిల్లను చూశారా? ఏం చేశారు?