ఆర్కిడ్ అంటే చెట్టు మీదే పెరగాలా?

కౌలాలంపూర్ వచ్చిన కొత్తలో ఒక నర్సరీలో ఊదారంగు పూల ఆర్కిడ్ మొక్క కొన్నాను. ఆర్కిడ్లకు మట్టి పనికిరాదని ఎక్కడో చదివిన గుర్తు. వేళ్ళకున్న మట్టంతా శ్రద్ధగా కడిగేసి, బొగ్గుముక్కలు నింపిన చిల్లుల కుండీలో కూర్చోబెట్టాను. మూడు వారాల్లో ఆకులన్నీ వాడిపోయాయి. మా అపార్ట్‌మెంట్ తోటమాలి చూసి, "ఇది నేల మీద పెరిగేది సార్" అని నవ్వాడు.

మన భాషలో చెప్పాలంటే, నేను ఇన్‌హెరిటెన్స్ తప్పుగా చదివాను. ఆర్కిడేసీ కుటుంబం బేస్ క్లాస్ అనుకుంటే, అందులో ఉన్నవి ముఖ్యంగా పువ్వు లక్షణాలే: మూడు ఆకర్షక పత్రాల్లో ఒకటి పెదవిగా మారడం, కేసరమూ కీలమూ కలిసిపోయి ఒకే స్తంభం కావడం. ఎక్కడ పెరగాలన్నది అందులో లేదు. ఎక్కువ ఆర్కిడ్లు చెట్లెక్కిన మాట నిజమే గానీ, మెజారిటీని రూలనుకుంటే ఇదిగో, ఇలాగే అవుతుంది.

నేను కొన్నది స్పాథోగ్లాటిస్ ప్లికేటా. ఈ ప్రజాతిని 1825లో బ్లూమ్ వర్ణించాడు. భారతదేశం నుంచి ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా ఇంచుమించు 50 జాతులున్నాయి. నేలమట్టంలో ఉల్లిగడ్డలాంటి మిథ్యాకందం, దాని కింద మట్టిలోకి దిగే వేళ్ళు. ఆకు పొడవునా చీర కుచ్చిళ్ళలా మడతలు. ప్లికేటా అంటే మడతలున్నదనే. పూలు లేనప్పుడు చూస్తే ఈత మొలక అనుకుంటాం.

పక్కాగా గుర్తుపట్టాలంటే పెదవి చూడాలి. దానికి మూడు తమ్మెలు. పక్కవి రెండూ పైకి లేచి ఉంటాయి. మధ్యది సన్నగా మొదలై కొసన గరిటెలా వెడల్పవుతుంది, మొదట్లో పసుపు బొడిపెలు. వెనక తేనెగొట్టం ఉండదు. కలాంతీ, ఫయస్ లాంటి నేల ఆర్కిడ్లలో చాలావాటికి అది ఉంటుంది. పుప్పొడి ముద్దలు 8.

ప్లికేటా చాలాచోట్ల కీటకం సాయం లేకుండానే కాయ కాస్తుంది. విత్తనాలు దుమ్ములా గాలికి ఎగురుతాయి. కాకపోతే వాటిలో నిల్వ ఆహారం ఉండదు, తగిన శిలీంధ్రం దొరికితేనే మొలక. అయినా 1883లో పేలిన క్రకటోవా దీవిని 1890ల చివరికే ఇది చేరుకుంది! ప్యూర్టోరికోలోనైతే బయటినుంచి వచ్చి అడవుల్లో పాతుకుపోయింది.

అంత మొండి మొక్కను చంపబోయాను. మిగిలిన ఒక్క గడ్డను ఆకుఎరువు కలిపిన మట్టిలో పెట్టాను. నెల తిరక్కుండా పక్కనుంచి ఒక మొలక లేచింది, అప్పుడే సన్నటి మడతలతో.