తప్పు చేతిదా, యంత్రానిదా?

అనంతపురం మెట్టసీమలో, ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. 2022 నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. తోలుబొమ్మలకు పేరుపొందిన ఊరిది. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు.

తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం చూశారా? తెర వెనుక చేయి పుల్లను కదిపీ కదపగానే బొమ్మ దెబ్బ వేస్తుంది. తెరకు 10 మీటర్ల దూరంలో కూర్చున్న మీ కంటికి ఆ వెలుగు చేరటానికి సెకనులో 3 కోట్లవ వంతు చాలు!

మరి వీడియో ఆటలో? అక్కడా తెర మీద ఇద్దరు వీరులు పోరాడతారు. కాని మీరు మీట నొక్కినంత మాత్రాన గుద్దు ఆ క్షణంలోనే కనిపించదు. ఎందుకని?

వీడియో తెర మీది బొమ్మ నిజంగా కదలదు. సినిమాలో లాగే కదలని చిత్రాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక్కొక్క చిత్రాన్ని 'ఫ్రేము' అంటారు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు చాలు. పోరాట ఆటలకు సాధారణంగా 60 కావాలి. మీరు మీట నొక్కిన సంగతిని ఆట ఫ్రేముకొకసారి గమనిస్తుంది. తరువాత లెక్క కట్టాలి, చిత్రం గీయాలి, తెర దాన్ని చూపాలి. ఈ జాప్యాన్నే 'లాగ్' అంటారు.

ప్రత్యర్థి దూరదేశంలో ఉంటే జాప్యం ఇంకా పెరుగుతుంది. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అనంతపురం నుండి సింగపూరు 3,000 కిలోమీటర్లకు పైనే. తీగ తిన్నగా ఉందనుకున్నా, కబురు ఒకవైపు చేరటానికే దాదాపు ఒక ఫ్రేము కాలం పడుతుంది!

ఇప్పుడు మీ చేతి జాప్యాన్ని కొలుద్దాం. 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకోమని స్నేహితునికి చెప్పండి. సున్న గుర్తు మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండాలి. అతడు చెప్పకుండా వదలగానే పట్టుకోండి. 20 సెంటీమీటర్ల దగ్గర దొరికితే, మీకు పట్టిన కాలం సెకనులో 5వ వంతు. అంటే 12 ఫ్రేములన్నమాట!

ప్రత్యర్థి దెబ్బ తగలటానికి 20 ఫ్రేములు పడుతుందనుకుందాం. మీ చేతికి 12 పోగా మిగిలేవి 8. లాగ్ 3 ఫ్రేములైతే కాచుకోవచ్చు. 10 అయితే, అంతే చురుకైన చేయి ఉన్నా దెబ్బ తినవలసిందే. ఇక 4 ఫ్రేముల గుద్దునైతే, లాగ్ లేకపోయినా చూసి ఆపలేము. ముందే ఊహించాలి. ఆటలో ఆరితేరినవారు చేసేది అదే.

యంత్రానికీ ఈ ఉపాయమే నేర్పారు. 'రోల్‌బ్యాక్' పద్ధతిలో, అవతలివారి కబురు రాకముందే యంత్రం ఊహించి ఆట నడుపుతుంది. ఊహ తప్పితే వెనక్కు పోయి, ఆటను సరిదిద్ది చూపుతుంది.

కనుక ఓడిన స్నేహితుణ్ణి 'మందకొడి' అని వెక్కిరించే ముందు, ఇద్దరూ చోట్లూ మీటలూ మార్చుకుని మళ్లీ కొన్నిసార్లు ఆడండి. గెలుపు మనిషి వెంట వెళ్లిందా, మీటల వెంట వెళ్లిందా? తప్పు ఎవరిదో అప్పుడు మీరే చెప్పగలరు!