సెలవుపై వచ్చిన సైనికుడు



2002 జూన్, జూలై నెలల్లో అమెరికాలోని ఫోర్ట్ బ్రాగ్ స్థావరానికి చెందిన నలుగురు సైనికులు ఆరు వారాల లోపే తమ భార్యలను చంపారు. వారిలో ముగ్గురు ఆఫ్ఘనిస్తాన్ వెళ్లివచ్చినవారు. ఎడబాటు ముగిసే రోజులే కొన్ని ఇళ్లకు గండం.

మన సత్తుపల్లి వైపు జవాన్లందరూ ఇలాంటివారని కాదు. కాని ఆలోచించండి. భర్త సరిహద్దులో ఉన్నన్నాళ్లు పిల్లల చదువు, పొలం, అప్పు అన్నీ ఇల్లాలే చూసుకొన్నది. సెలవుపై వచ్చినవాడు ప్రతిదానికీ లెక్క అడుగుతాడు. మొదటి వారం విందులు. పిమ్మట అనుమానం, తాగుడు, దెబ్బలు. "సెలవయ్యాక వెళ్లిపోతాడులే, ఓర్చుకోమ్మా" అంటారు పెద్దలు. మరి వచ్చే సెలవుకో?

దెబ్బలు ఓర్చుకొనుట వివాహధర్మం కాదు. ప్రాణానికి తీవ్రమైన ముప్పుంటే వేరుగా ఉండవచ్చునని శ్రీసభ చట్టం 1153వ నిబంధన చెబుతున్నది. ఆలస్యం ప్రమాదమైతే అనుమతికై ఆగనక్కరలేదు. 2005 గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లోనే ఉండే హక్కునిచ్చింది. సహాయానికి ఫోన్ 181.