దోమ మందులో కుడి ఎడమలు

దోమల ద్వారా వ్యాపించే వ్యాధులపై పరిశోధన కోసం 1975లో పుదుచ్చేరిలో రోగవాహక నియంత్రణ పరిశోధన కేంద్రం ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలికి చెందిన ఈ సంస్థ 1981-85 మధ్య పట్టణంలో బోదకాలు నివారణకు దోమల నియంత్రణ కార్యక్రమం నడిపింది. దోమలు పెరిగే చోట్లను తగ్గించడం ఒక మార్గమైతే, క్రిమిసంహారకాలు మరో మార్గం. ఈ రెండో మార్గంలో అణువు ఆకారమే కీలకం.

కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు ఒకే కొలతతో తయారైనా ఒకదాని బదులు మరొకటి పనికిరాదు. అవి అద్దంలో ప్రతిబింబాల వంటివి. ఒక కార్బన్ పరమాణువుకు నాలుగు వేర్వేరు సమూహాలు కలిసి ఉంటే, అణువుకు కూడా ఇలా రెండు రూపాలు వీలవుతాయి. ఈ లక్షణమే కైరాలిటీ. ఆ కార్బన్‌ను కైరల్ కార్బన్ అనీ, ప్రతిబింబాల జంటను ఎనాన్షియోమర్లు అనీ అంటారు. రెండింటి ద్రవీభవన స్థానం, సాంద్రత ఒకటే. ధ్రువిత కాంతిని మాత్రం ఒకటి కుడికి, మరొకటి ఎడమకు తిప్పుతుంది. 1848లో లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్ల లవణంలోని రెండు రకాల స్ఫటికాలను చేత్తో ఏరి, ఈ తేడాను చూపించాడు.

దోమతెరలకు, గోడలపై పిచికారీకి వాడే డెల్టామెత్రిన్‌లో మూడు కైరల్ కార్బన్లు ఉన్నాయి. అంటే 2×2×2 = 8 రూపాలు సాధ్యం. వాటిలో ఒక్కటే డెల్టామెత్రిన్. దీన్ని 1974లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో మైఖేల్ ఇలియట్ బృందం వెల్లడించింది. దీని ప్రతిబింబం కీటకాలపై దాదాపు పనిచేయదు.

కారణం దోమ శరీరంలోనే ఉంది. దోమ నాడుల్లోని సోడియం చానళ్లు ప్రొటీన్లు. ప్రొటీన్లు ఎడమచేతి రకం అమైనో ఆమ్లాలతో తయారవుతాయి కాబట్టి చానల్‌కూ కుడి ఎడమల తేడా తెలుస్తుంది. సరైన రూపం అందులో అమరి, చానల్‌ను మూసుకోనివ్వదు. నాడి ఆగకుండా సంకేతాలు పంపుతుంది, దోమ కదలలేక పడిపోతుంది. ప్రతిబింబం అక్కడ అమరదు.

దోమతెరల్లోనే వాడే ఆల్ఫా సైపర్‌మెత్రిన్ ప్రతిబింబాల జంట సమపాళ్ల మిశ్రమం. అందులో పని అంతా ప్రధానంగా ఒక సగానిదే. మిగతా సగం పెద్దగా ఉపయోగపడకుండానే పరిసరాల్లో చేరుతుంది. మరోవైపు, చానల్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారినా సరైన రూపం సైతం సరిగా అతుక్కోకపోవచ్చు. కొన్ని దోమలు మందును తట్టుకోవడానికి ఇదొక కారణం. అందుకే క్రిమిసంహారకం విషయంలో ఎంత మోతాదు అన్నదానితో పాటు, ఏ రూపం అన్నదీ చూడాలి.