నల్లగొండ బావులలో యురేనియము

నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన, నాగార్జునసాగర జలాశయమునకు సమీపమున, లంబాపురము, పెద్దగట్టు అను పల్లెలు కలవు. చుట్టును రాతిగుట్టలు, నడుమ వానకై యెదురుచూచు మెట్టచేలు. ఆ గుట్టల అడుగున గ్రానైటు శిల, దానిమీద క్వార్ట్జైటు పొరలు ఉన్నవి. ఈ రెండు శిలలు కలియుచోట యురేనియము నిక్షిప్తమై యున్నదని అణుఖనిజాన్వేషణ శాఖవారు 1990 దశకమున నిర్ణయించిరి. అటుపిమ్మట భారత యురేనియము సంస్థ అచ్చట గని త్రవ్వుటకు పూనుకొనగా, 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగినది. పల్లెవాసులకు తమ బావులను గూర్చిన భయము. నగరవాసులకు అక్కంపల్లి జలాశయమును గూర్చిన భయము. హైదరాబాదునకు కృష్ణాజలము చేరునది ఆ జలాశయము మీదుగానే కదా!

యురేనియమునకు నీటిలో రంగు లేదు, వాసన లేదు. ఇట్టి కంటికి కానరాని కీడు నల్లగొండవారికి క్రొత్త కాదు. తేటగా కనిపించు నీటిలోని ఫ్లోరైడు ఎన్ని తరములవారి పండ్లను, ఎముకలను చెరచినదో ఆ జిల్లా పల్లెలు ఎరుగును. యురేనియమైతే ముఖ్యముగా మూత్రపిండములకు హాని చేయును. అది కిరణములను వెలువరించు మాట నిజమే కాని, త్రాగునీటి విషయమున దాని రసాయన గుణమే యెక్కువ ప్రమాదకరము.

అయితే గనివలన నీరు చెడినదని నిరూపించుట యెట్లు? అణ్వస్త్ర పరీక్షలు జరిగిన యెడారులలో ప్లుటోనియమును వెదకువారికి ఈ చిక్కు కొంత తక్కువ. ప్లుటోనియము ప్రకృతిలో దాదాపుగా లేదు. మట్టిలో అది కనబడినచో మనుష్యుని చేతిపనియే యనవచ్చును. (1945 నుండి 1980 వరకు ఆకాశమున జరిగిన పరీక్షలవలన దాని రేణువులు లోకమంతటను అత్యల్పముగా రాలినవి గనుక, అక్కడను ఏది ఎక్కడిదో లెక్క చూడక తప్పదు.) యురేనియము అట్లు కాదు. గని యున్నను లేకున్నను రాతినుండి కరగి అది బావిలోనికి ఊరుచునే యుండును. కావున త్రవ్వక పూర్వమే బావిబావికి లెక్క వ్రాసి యుంచవలెను. పిదప వ్రాసిన లెక్కకు విలువ స్వల్పము.

ఈ పనికి శాస్త్రజ్ఞులు పూనుకొనిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రజ్ఞులు పెద్దగట్టు, సేరిపల్లి పరిసరములలో గామా కిరణముల సహజ పరిమాణమును కొలిచిరి. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయమువారు 2008-09లో ఆ ప్రాంతపు బావుల నీటిని పలుమారులు సేకరించి పరీక్షించిరి. ఇట్టి పరీక్షలో ఓర్పు మిక్కిలి కావలెను. నీటిని వడగట్టి, సీసా గోడలకు యురేనియము అంటుకొనకుండ కొన్ని చుక్కల నత్రికామ్లము కలుపుదురు. ప్రయోగశాలలో ఆ నీటిపై అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేయగా యురేనియము ఆకుపచ్చని వెలుగు నిచ్చును. ఆ వెలుగు తీవ్రతనుబట్టి దాని పరిమాణమును గణింతురు. వాన కురియు నెలలలో ఒక అంకె, ఎండు నెలలలో వేరొక అంకె వచ్చును గనుక ఒక్కమారు చూచి వదలిన చాలదు.

ఆ పరిశోధనలో లీటరు నీటికి యురేనియము 0.2 మైక్రోగ్రాము నుండి 68 మైక్రోగ్రాముల వరకు కనబడినది. త్రాగునీటికి ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన పరిమితి 30 మైక్రోగ్రాములు. మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు 60. అప్పటికి అచ్చట గని లేనే లేదు! ప్రక్కప్రక్కనే యున్న బావులైనను ఒకే తీరున నుండునని తలపరాదు; ఏ బావి ఏ రాతిని తాకుచున్నదో దానినిబట్టి నీరు మారును.

పాలమూరు వైపున, నల్లమల అడవిలోని అమ్రాబాదు ప్రాంతమునను యురేనియము వెదకు ప్రయత్నము జరిగినది. చెంచులు, తదితరులు దానిని ఎదిరించిరి. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వరాదని తీర్మానము చేసినది.

మునుముందు ఎన్నడైన ఎవరైన పెద్దగట్టు రాతిని త్రవ్వినచో, నాటి నీటిని పోల్చి చూచుటకు గని లేనినాడు వ్రాసి యుంచిన ఈ అంకెలే ఆధారము.