ముక్కు చేసే హెచ్చరిక

కంటికి కనబడని ప్రమాదాన్ని ముందుగా పసిగట్టేది ఘ్రాణేంద్రియం. వంటగ్యాసుకు స్వతహాగా చెప్పుకోదగిన వాసన లేదు. అది లీకయినప్పుడు ఇంటివారికి తెలియాలనే ఉద్దేశంతో అందులో మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. పెట్రోలుకు అటువంటి ఏర్పాటు అవసరం లేదు. దాని వాసనే దాని హెచ్చరిక. పెట్రోలు బంకులో ఆ వాసన సహజం. కాని తలుపులు మూసిన కారులో అదే వాసన ఘాటుగా వస్తున్నదంటే, ఇంధనం తాను ఉండవలసిన చోటు విడిచి బయటికి వస్తున్నదని అర్థం.

పెట్రోలు ద్రవరూపంలో కంటే ఆవిరిరూపంలో ఎక్కువ అపాయకరమైనది. సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉండే చలిలో కూడా అది మండగల ఆవిరిని వెలువరిస్తుంది. ఇక మన వేసవి సంగతి చెప్పనవసరం లేదు. ఆ ఆవిరి గాలి కంటే మూడు, నాలుగు రెట్లు బరువైనది. అందువల్ల అది పైకి తేలిపోక నేలబారున పాకి, పల్లపు చోట్ల నిలుస్తుంది. గాలిలో దాని పాలు నూటికి సుమారు ఒకటిన్నర నుండి ఏడున్నర వరకు ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, మంట లేస్తుంది. పైగా పెట్రోలులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం.

అయితే ముక్కు చేసే హెచ్చరికకు ఒక లోపం ఉన్నది. ఏ వాసననైనా కొంతసేపు పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడుతుంది. బయలుదేరేటప్పుడు వచ్చిన వాసన పది నిమిషాలకు తగ్గినట్లు డ్రైవరుకు తోచవచ్చు. నిజానికి తగ్గినది వాసన కాకపోవచ్చు, దానిని గుర్తించే శక్తి. అప్పుడే కారెక్కిన మనిషి “పెట్రోలు వాసన వస్తున్నదే!” అన్నప్పుడు ఆ మాటను తేలికగా తీసిపారేయరాదు.

వాసన ఘాటుగా ఉన్నప్పుడు కారును జనసమ్మర్దానికి దూరంగా ఆపి, ఇంజను కట్టేసి, అందరూ దిగిపోవాలి. దగ్గరలో ఎవరూ పొగ తాగరాదు. చీకటిలో అగ్గిపుల్ల గీసి వెదకడం ప్రాణాలతో చెలగాటమే. దూరంగా ఉండగానే వెలిగించుకున్న టార్చిలైటుతో చూడాలి. ఇంజను చల్లారిన తరువాతే బానెట్టు కింద పరిశీలించాలి. ఎక్కడైనా పెట్రోలు తడి కనిపిస్తే కారును మళ్ళీ స్టార్టు చేయకుండా మెకానిక్కును పిలిపించాలి. తడి కనబడనంత మాత్రాన లీకు లేదనుకోరాదు. పెట్రోలు త్వరగా ఆవిరైపోయి, మరక మాత్రమే మిగలవచ్చు.

వాసన ఎప్పుడు, ఎక్కడ వస్తున్నదో గమనిస్తే కారణం చాలావరకు తెలుస్తుంది. పెట్రోలు పోయించిన వెంటనే వస్తే ట్యాంకు మూతను, దాని రబ్బరు వాషరును చూడాలి. బంకులో గన్ను తనంతట తాను ఆగిన తరువాత కూడా లెక్క సరిపెట్టడానికి మరికొంత పోయించడం మరొక కారణం. ట్యాంకులోని ఆవిరిని పీల్చుకొని, తరువాత ఇంజనుకు అందించడానికి కారులో బొగ్గు నింపిన ఒక డబ్బా ఉంటుంది. అతిగా నింపినప్పుడు పెట్రోలు అందులోకి చేరి దానిని పాడుచేస్తుంది. వెనుక సీటు వద్ద వాసన ఎక్కువైతే ట్యాంకు మీది పంపు సీలును అనుమానించాలి. ఉదయం స్టార్టు చేయగానే ముందువైపు నుండి వస్తే ఇంజెక్టర్ల రబ్బరు రింగులను, హోసులను పరీక్షించాలి. నిలిపి ఉంచిన కార్లలో ఎలుకలు హోసులను కొరకడం కూడా కద్దు. సైలెన్సరు నుండి వాసన వస్తూ, మైలేజీ పడిపోయి, ఇంజను తడబడుతుంటే పెట్రోలు పూర్తిగా మండడం లేదని గ్రహించాలి. అప్పుడు స్పార్కు ప్లగ్గులను, సెన్సర్లను, ఇంజెక్టర్లను చూపించాలి.

పాత వాహనాల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 2023లో ఎంపిక చేసిన బంకులలో మొదలై తరువాత దేశమంతటా విస్తరించిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు, దానికి అనుగుణంగా తయారుకాని రబ్బరు భాగాలను త్వరగా దెబ్బతీయవచ్చు.

ట్యాంకు కారితే సబ్బుముద్ద అద్దడం మనవారికి అలవాటు. సబ్బు పెట్రోలులో సులభంగా కరగదు కనుక అది తాత్కాలికంగా ఆగుతుంది. కాని ఇంజెక్షను కార్ల పైపులలో పెట్రోలు సాధారణంగా వాతావరణ పీడనానికి మూడు, నాలుగు రెట్ల ఒత్తిడితో ప్రవహిస్తుంది. అక్కడ సబ్బు గాని, టేపు గాని నిలువదు. ఇంజను ఆపిన తరువాత కూడా ఆ ఒత్తిడి కొంతసేపు ఉంటుంది కాబట్టి గొట్టం ఊడదీయడం అనుభవజ్ఞుడైన మెకానిక్కు పని. పగిలిన హోసు స్థానంలో నీటి గొట్టం ముక్క కాక, ఇంధనం కోసం తయారైన హోసునే కొత్త క్లిప్పులతో బిగించాలి. మరమ్మతు తరువాత ఇంజను నడిపించి ప్రతి అతుకునూ చూడాలి; కొద్దిరోజులకు మరొకసారి పరీక్షించాలి.

కారులో అగరువత్తుల పరిమళం నింపినంత మాత్రాన పెట్రోలు లీకు ఆగదు. అది హెచ్చరికను అణచివేస్తుంది. వెలిగించిన అగరువత్తి అయితే నిప్పును కూడా చేరుస్తుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం కంటే, వాసన తగిలిననాడే కారణం వెదకడం వివేకం.

ప్రశ్నలు

1. పెట్రోలు ఆవిరి నేలబారున ఎందుకు నిలుస్తుంది?
2. వాసన తగ్గినట్లు తోచినా ప్రమాదం తగ్గిందని ఎందుకు చెప్పలేము?
3. వాసన వచ్చే సమయాన్ని, చోటును బట్టి కారణాలను ఎలా గుర్తించవచ్చో వివరించండి.